గయానాలో ఎంబీబీఎస్: 54 గళ్ల కాగితం

గుంటూరులో పదిహేనేళ్లుగా విదేశీ చదువుల కౌన్సెలింగ్ చేస్తున్నాను. కాలేజీల దగ్గర కమీషన్ తీసుకోను, నా ఫీజు కుటుంబమే ఇస్తుంది. ఈ కేసులో నేనిచ్చిన సలహాలను ఎలా తూచాలో చదివేవాళ్లకు తెలియాలి కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు గానీ, కాలేజీల పేర్లు గానీ ఇందులో ఉండవు.

వచ్చినప్పటి పరిస్థితి

2022 ఏప్రిల్‌లో పల్నాడు వైపు నుంచి ఒక మిర్చి రైతు, ఆయన భార్య, పద్దెనిమిదేళ్ల కూతురు వచ్చారు. అమ్మాయి 2021 నీట్‌లో క్వాలిఫై అయింది కానీ కన్వీనర్ కోటా సీటుకు ఆ మార్కులు చాలవు. బి-కేటగిరీ (ప్రైవేటు కాలేజీల్లో మేనేజ్‌మెంట్ సీటు) అంటే అప్పట్లో ఏడాదికి 12 లక్షలు. పైగా ఆ ఏడాది మా ప్రాంతం మిర్చి తోటల్ని నల్ల తామర పురుగు తినేసింది. పూతలోనే దూరి కాయ కట్టకుండా చేసింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. ఆయన దగ్గర రెండెకరాల సొంత పొలం, కొంత కౌలు, బోలెడు అప్పు ఉన్నాయి.

మొదట వాళ్లు ఉక్రెయిన్ అనుకున్నారు. ఫిబ్రవరిలో యుద్ధం వచ్చింది, మన పిల్లలు పోలండ్, రొమేనియా సరిహద్దులకు నడిచి వెళ్లడం టీవీలో చూశారు. చైనా అప్పటికింకా బయటి విద్యార్థుల్ని రానివ్వడం లేదు. సరిగ్గా అప్పుడే ఒక ఏజెంటు గయానా పాంప్లెట్ ఇచ్చాడు. ఇంగ్లీషు దేశం, అమెరికా సిలబస్, అయిదున్నరేళ్లలో డాక్టరు అని ఉంది దాని మీద. సీటు పోతుందని చెప్పి అడ్వాన్సు కూడా కట్టించుకోబోయాడు. అమ్మాయి మేనమామ ఆపి నా దగ్గరకు తీసుకొచ్చాడు.

"ఆ దేశం మంచిదా కాదా, అది చెప్పండి మేడమ్. మీరెట్టా అంటే అట్టా" అన్నాడు తండ్రి. తల్లికి మాత్రం ఒకటే భయం. చుట్టాలందరూ అది ఆఫ్రికాలో ఉందని చెప్పారట. వాళ్లు ఘనా అనుకున్నారు.

దేశం గురించి

గోడ మీది మ్యాప్‌లో చూపించాను. దక్షిణ అమెరికా ఉత్తరపు అంచున, వెనిజువెలాకీ సూరినామ్‌కీ మధ్య ఉంటుంది గయానా. జనాభా ఎనిమిది లక్షల చిల్లర, అంటే ఒక దేశం మొత్తం కలిపినా మన విజయవాడ అంత ఉండదు. ఆ ఖండంలో ఇంగ్లీషు అధికార భాషగా ఉన్న దేశం అదొక్కటే. జనాభాలో దాదాపు 40 శాతం భారత సంతతి వాళ్లు. 1838 నుంచి 1917 వరకు సుమారు 2,39,000 మందిని మన దేశం నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడల్లో తీసుకెళ్లారు. ఎక్కువ మంది కలకత్తా రేవు నుంచి వెళ్లినవాళ్లే. మద్రాసు రేవు నుంచి వెళ్లిన కొద్దిమందిలో తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లందరినీ అక్కడ మద్రాసీలు అంటారు. భాష పోయింది, మారియమ్మ పూజ, పేర్ల చివర సామి మిగిలాయి. ఇది విన్నాక తల్లి ముఖంలో బెరుకు కొంచెం తగ్గింది.

దేశం మీద నాకు అభ్యంతరం లేదు. తండ్రి అడిగిన ప్రశ్నకు ఆ మాటే చెప్పాను. అయితే అడగాల్సిన ప్రశ్న అది కాదనీ చెప్పాను. అమ్మాయి ఆ దేశంలో ఉండిపోవడానికి వెళ్లడం లేదు. తిరిగొచ్చి నరసరావుపేటలోనో గుంటూరులోనో డాక్టరుగా బోర్డు పెట్టుకోవాలి. ఆ బోర్డుకు పనికిరాని డిగ్రీ ఎంత మంచి దేశంలో తెచ్చుకున్నా వృథానే.

కాగితాల పరిశీలన

2021 నవంబరు 18న నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్‌ఎంసీ) కొత్త నిబంధనలు తెచ్చింది. ఆ తేదీ తర్వాత విదేశంలో చేరే ప్రతి విద్యార్థికీ అవి వర్తిస్తాయి. కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. దాని మీద 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే విదేశీ కాలేజీలో చేయాలి. చదువంతా ఇంగ్లీషులో సాగాలి. క్లినికల్ శిక్షణలో, అంటే ఆసుపత్రిలో రోగుల దగ్గర నేర్చుకునే భాగంలో, ఏ ముక్కా ఇండియాలో గానీ, ఇంకో దేశంలో గానీ చేయకూడదు. డిగ్రీ ఇచ్చిన దేశంలో అక్కడి పౌరులతో సమానంగా ప్రాక్టీసు చేసే లైసెన్సుకు అర్హత ఉండాలి. తిరిగొచ్చాక ఎఫ్‌ఎంజీఈ (విదేశాల్లో వైద్యం చదివినవాళ్లకు ఇక్కడ పెట్టే పరీక్ష) పాసై, ఇక్కడ ఇంకో 12 నెలలు ఇంటర్న్‌షిప్ చేయాలి. చేరిన రోజు నుంచి పదేళ్లలో ఇదంతా అయిపోవాలి.

ఏజెంట్లు ఈ షరతులన్నిటినీ కలిపి "ఎన్‌ఎంసీ రూల్స్ ప్రకారమే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇంకొకరు ప్రపంచంలోని వైద్య కాలేజీల జాబితా అయిన వరల్డ్ డైరెక్టరీలో కాలేజీ పేరు చూపిస్తారు. ఆ డైరెక్టరీలో పేరుందంటే ఆ కాలేజీ ఉనికిలో ఉందని అర్థం, అంతే. మన దగ్గర ఆ డిగ్రీ చెల్లుతుందని కాదు.

నేను ఒక తెల్ల కాగితం తీసుకుని వరసకు ఆరు చొప్పున తొమ్మిది వరసలు గీశాను. మొత్తం 54 గళ్లు. కింద విడిగా ఇంకో 12. "ప్రతి గడిలో అమ్మాయి ఏ ఊళ్లో, ఏ ఆసుపత్రిలో ఉంటుందో ఏజెంటు చేత చెప్పించి రాసుకురండి" అని తండ్రికి ఇచ్చాను. పొలంలో ఏ రోజు ఏ మందు కొట్టిందీ నోటు పుస్తకంలో రాసుకునే మనిషి ఆయన. ఈ పని ఆయనకు నాకంటే బాగా వచ్చు.

వారం తర్వాత వచ్చాడు. మొదటి 6 గళ్లలో ప్రీమెడ్ అని ఉంది. తర్వాత 24 గళ్లు గయానా రాజధాని జార్జ్‌టౌన్. ఆ తర్వాత మిగిలినవి ఖాళీ. ఆ భాగం "రొటేషన్లు, మీకు నచ్చిన దేశంలో" అని ఏజెంటు చెప్పాడట. రొటేషన్లు అంటే ఆసుపత్రిలో ఒక్కో విభాగంలో వంతులవారీగా చేసే క్లినికల్ శిక్షణ.

మూడు చోట్ల దెబ్బ తగిలింది. ప్రీమెడ్‌లో ఉండేది బయాలజీ, కెమిస్ట్రీ లాంటి సబ్జెక్టులు, మన ఇంటర్ బైపీసీకి కొనసాగింపు. దాన్ని ఆ 54లో కలపడం ప్రమాదమని నా లెక్క. అది తీసేస్తే అసలు వైద్యం కోర్సు 48 నెలలే. అందులోనూ సగం వేరే దేశంలో. ఇక ఆ కింది 12 గళ్ల సంగతి ఆ కాలేజీ ఎక్కడా ఎత్తలేదు. అమెరికాలో స్థిరపడే ఉద్దేశంతో వెళ్లే వాళ్లకు ఈ పద్ధతి సరిపోవచ్చు, కరీబియన్ కాలేజీలు చాలావరకు దాని కోసమే పుట్టాయి. మా అమ్మాయికి పనికిరాదు. ఆ కాలేజీని అక్కడితో వదిలేశాం.

రెండో కాలేజీ కూడా జార్జ్‌టౌన్‌లోనే. ఈసారి ఏజెంటును మధ్యలో పెట్టకుండా నేరుగా రిజిస్ట్రార్ ఆఫీసుకు మెయిల్ రాశాం. మూడు అడిగాం. ప్రతి సెమిస్టరూ ఎక్కడ జరుగుతుంది? ఇంటర్న్‌షిప్ 12 నెలలు ఏ ఆసుపత్రిలో, ఎవరి ఆధ్వర్యంలో? మీ డిగ్రీతో గయానా పౌరులు మెడికల్ కౌన్సిల్ ఆఫ్ గయానాలో రిజిస్టరై ప్రాక్టీసు చేస్తున్నారా, ఉంటే ఆధారం ఏమిటి? దీంతో పాటు ఆ దేశపు నేషనల్ అక్రెడిటేషన్ కౌన్సిల్ రికార్డూ, కరీబియన్ దేశాల వైద్య కాలేజీలను తనిఖీ చేసే సీఏఏఎం-హెచ్‌పీ రికార్డూ చూశాం. దేశపు ప్రభుత్వ విశ్వవిద్యాలయం యూనివర్సిటీ ఆఫ్ గయానా 1963 నుంచి ఉంది, దాని మెడికల్ స్కూల్‌కు ఈ గుర్తింపు ఉంది. మన పిల్లలు ఎక్కువగా చేరేది మాత్రం ప్రైవేటు కాలేజీల్లో. అందుకే ఒక్కో కాలేజీని విడిగా చూడక తప్పదు.

మొదటి జవాబు బ్రోచర్. మళ్లీ రాశాం. రెండో జవాబు ఫోన్ చేయమని. మూడోసారి "లెటర్‌హెడ్ మీద సంతకంతో ఇస్తేనే అడ్మిషన్" అని రాసి ఆగాం. నెల పట్టింది. ఈ నెల రోజులు ఏజెంటు రోజూ తండ్రికి ఫోన్ చేసి సీట్లు అయిపోతున్నాయని టెన్షన్ పెట్టాడు. చివరికి ఉత్తరం వచ్చింది. ప్రీమెడ్ లేకుండా 54 నెలలూ జార్జ్‌టౌన్‌లోనే, ఇంటర్న్‌షిప్ కూడా అక్కడే అని స్పష్టంగా ఉంది. గళ్లు నిండాయి.

నేను చేసిన పొరపాట్లు

మన దేశం నుంచి గయానాకు నేరుగా విమానం లేదు. న్యూయార్క్ లేదా మయామీ మీదుగా వెళ్లడం సులువని అనుకున్నాను. అక్కడ విమానం మారడానికి కూడా మన వాళ్లకు అమెరికా ట్రాన్సిట్ వీసా కావాలి. అది నాకు తెలుసు. కానీ కోవిడ్ తర్వాత అమెరికా వీసా అపాయింట్‌మెంట్లకు ఎంత రద్దీ ఉందో ముందుగా చూడలేదు. జూన్‌లో మొదలుపెట్టాల్సిన పని ఆగస్టులో మొదలుపెట్టాం. సెప్టెంబరు బ్యాచ్ దాటిపోయింది. అమ్మాయి 2023 జనవరి బ్యాచ్‌లో చేరింది. నాలుగు నెలలు పోయాయి, ఆ తప్పు పూర్తిగా నాది.

ఎల్లో ఫీవర్ టీకా విషయం మాత్రం ముందే గుర్తుంది. గయానా ఆ జ్వరం ప్రమాదం ఉన్న దేశాల జాబితాలో ఉంది. టీకా వేయించుకున్న పది రోజులకు సర్టిఫికెట్ చెల్లుబాటు అవుతుంది. అది లేకుండా ఇంటికి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేయించాం. ఆ పసుపు కార్డును పాస్‌పోర్టుకు పిన్ చేయమన్నాను.

రెండో పొరపాటు డబ్బులో. ఫీజు డాలర్లలో కట్టాలి. కేసు తీసుకున్నప్పుడు డాలరు 76 రూపాయలు. మొత్తం కోర్సుకు లెక్క వేసేటప్పుడు సగటున 80 పట్టుకున్నాను. 2025 మొదట్లో 87 అయింది, ఆ ఏడాది డిసెంబరులో 90 తాకింది. దాని మీద అక్కడి అద్దె ఒకటి. 2015లో గయానా సముద్రంలో చమురు దొరికింది, 2019 చివర్లో తీయడం మొదలైంది. బయటి కంపెనీల మనుషులు దిగాక జార్జ్‌టౌన్‌లో అద్దెలు పెరిగాయి. ఇది వార్తల్లో ఉన్న విషయమే. కాలేజీ పాంప్లెట్‌లోని హాస్టల్ ఖర్చునే నేను నమ్మాను.

అక్కడి రోజులు

మనకూ వాళ్లకూ తొమ్మిదిన్నర గంటల తేడా. ఇక్కడ తెల్లవారి ఆరున్నరకు తండ్రి పొలానికి బయల్దేరుతుంటే అక్కడ ముందురోజు రాత్రి తొమ్మిది. ఆ వేళకే రోజూ ఫోన్. మొదటి రెండు నెలలు తల్లి ఫోన్ పట్టుకుని ఏడవడం తప్ప మాట్లాడలేదని తండ్రి చెప్పాడు. పిల్ల ఏడవలేదు.

జార్జ్‌టౌన్ ఊరు సముద్రం పోటు మీదున్నప్పుడు నీటిమట్టం కంటే కిందికి ఉంటుంది. అడ్డంగా సముద్రపు గోడ, డచ్చివాళ్ల కాలం నుంచి ఊరి నిండా కాలువలు, వాటికి కోకర్ అనే తలుపులు. ఆటు సమయంలో తలుపులు ఎత్తి ఊళ్లో నీళ్లు సముద్రంలోకి వదులుతారు. అమ్మాయి ఫోటో పంపితే తండ్రి, "ఇవి మన డెల్టా కాలవల లాకులే గదమ్మా" అన్నాడట. మే నుంచి ఆగస్టు దాకా ఒక వానకాలం, నవంబరు నుంచి జనవరి దాకా ఇంకోటి. వరి పండే దేశం కాబట్టి అన్నానికి లోటు లేదు. అలసంద కాయల్ని బోరా అంటారు, వంకాయ బైగన్, మునగ సైజన్. పచ్చళ్లు మాత్రం ఇంటి నుంచి వెళ్లినవే. కారం అయిపోయిందని ఏడాదిలో రెండుసార్లు నాకే ఫోన్ వచ్చింది.

ఇంగ్లీషు దేశమన్నది నిజమే, కానీ ఇంకో సంగతి చెప్పుకోవాలి. క్లాసులో చెప్పేది మామూలు ఇంగ్లీషు. వార్డులో రోగులు మాట్లాడేది క్రియోలీస్. ఇంగ్లీషు మాటలే, కానీ వాక్యం కట్టే తీరు వేరు, యాస వేరు. క్లినికల్స్ మొదలైన కొత్తలో ముసలివాళ్ల హిస్టరీ, అంటే జబ్బు వివరాలు, అడిగి రాయడానికి అమ్మాయి చాలా తడబడింది. రోజూ సాయంత్రం ఇంటి ఓనరమ్మతో అరగంట కబుర్లు చెప్పమని సలహా ఇచ్చాను. పుస్తకంలో లేనిది అలాగే పట్టుబడింది. ఒక మాట మాత్రం మొదటిరోజే అర్థమైందని చెప్పింది. మన ఊళ్లో లాగే వాళ్లూ డయాబెటిస్‌ను "షుగర్" అంటారు.

జబ్బుల విషయంలో ఈ దేశం మన పిల్లలకు నిజంగా పనికొస్తుంది. షుగర్, బీపీ, డెంగీ, అడవి ప్రాంతాల గనుల నుంచి వచ్చే మలేరియా, పాము కాట్లు. చలి దేశాల్లో చదివి వచ్చిన వాళ్లు ఇవి పుస్తకంలోనే చూస్తారు. ఇంకోటి చెప్పడానికి బాధగా ఉంది. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నివేదికలో ఆత్మహత్యల రేటు అన్నిటికంటే ఎక్కువున్న దేశం గయానా. పొలాల ప్రాంతాల నుంచి పురుగుమందు కేసులు వస్తాయి. అలాంటి మొదటి కేసు చూసిన రాత్రి అమ్మాయి తండ్రికి ఫోన్ చేసి, మందుల డబ్బాలు ఇంట్లో పెట్టొద్దు, షెడ్డులో పెట్టి తాళం వేయమని చెప్పింది. ఎందుకని ఆయన అడగలేదట. తాళం వేశాడు.

మూడో ఏడాది మొదట్లో

2025 ఫిబ్రవరిలో ఈ కేసు చెయ్యి దాటిపోయేదే. గుంటూరు యార్డులో మిర్చి ధర పడిపోయింది. కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన ఆదుకుంటామని ప్రకటించాల్సినంత కష్టం అది. ఆయన పెట్టుబడీ రాలేదు, డాలరు 87. సరిగ్గా అప్పుడే క్లినికల్స్ మొదలవ్వాలి. కొందరు సీనియర్లు, వాళ్లకు తెలిసిన ఒక మధ్యవర్తి కలిసి ఒక ఉపాయం చెప్పారు. రొటేషన్లు ఇండియాలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేయొచ్చు, కాలేజీ వాళ్లు హాజరు వేసేస్తారు, అద్దె తిండి అన్నీ మిగులుతాయి అని.

తండ్రి ఫోన్ చేశాడు. "పిల్ల ఇంటికాడే ఉంటది, పనీ అయిపోద్ది. ఇందులో తప్పేముంది మేడమ్?"

ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. అంత అప్పులో ఉన్న మనిషికి కూతురు ఇంటికొస్తుందంటే ఎంత ఆశో నాకు తెలుసు. ఆఫీసుకు రమ్మని, ఆ గళ్ల కాగితం తెమ్మన్నాను. నిబంధనలో ఆ వాక్యాన్ని తెలుగులో చదివి వినిపించాను. క్లినికల్ శిక్షణలో ఏ భాగమూ ఇండియాలో చేయకూడదు. స్టేట్ మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్‌కు వెళ్లినప్పుడు పాస్‌పోర్టు పేజీలన్నీ చూస్తారు. ఇండియాలో దిగిన స్టాంపు ఒక తేదీ చెబుతుంది, కాలేజీ హాజరు పట్టీ అదే తేదీన జార్జ్‌టౌన్ వార్డులో ఉందని చెబుతుంది. రెండూ పక్కపక్కన పెడితే అప్పటిదాకా నిజాయితీగా నిండిన గళ్లు కూడా పోతాయి. రెండెకరాలు తాకట్టు పెట్టి కొన్న చదువు అది.

ఆయన చాలాసేపు కాగితం చూస్తూ కూర్చున్నాడు. "అయితే ఇక్కడ ఒక్క గడి రాసినా అన్నీ చెడతయ్యి" అన్నాడు. అంతే, మళ్లీ ఆ ప్రసక్తి తేలేదు.

కాదని చెప్పి పంపేస్తే నా పని అయిపోదు కదా. డబ్బు దారి చూడాలి. అమ్మాయి హాస్టల్ వదిలి మరో ముగ్గురు తెలుగు పిల్లలతో ఒక ఇల్లు తీసుకుంది, ఆసుపత్రికి నడిచి వెళ్లే దూరంలో. బ్యాంకులో మంజూరైన లోన్‌లో మిగిలిన భాగాన్ని సెమిస్టరువారీగా కాకుండా అవసరానికి ముందుగా విడుదల చేయించాం. మేనమామ కొంత సర్దాడు. ఏటా సెలవులకు ఇంటికి రావడం మానుకుని రెండేళ్లకోసారి చేసుకుంది. ఇవన్నీ కష్టమైన నిర్ణయాలే. తల్లి మూడో సంక్రాంతి కూడా పిల్ల లేకుండానే చేసుకుంది.

ఇప్పటి స్థితి, నా పద్ధతిలో మార్పు

ఇది ముగిసిన కేసు కాదు. 54 నెలలు 2027 జూన్‌తో పూర్తవుతాయి, ఇంటర్న్‌షిప్ 2028 మధ్య వరకు. ఆ తర్వాత ఎఫ్‌ఎంజీఈ: 300 ప్రశ్నలు, 150 రావాలి. చాలా సెషన్లలో పాసైనవాళ్లు మూడో వంతుకు కూడా చేరరు. అందుకే క్లినికల్స్ మొదలైన రోజు నుంచే రోజుకు గంట ఆ పరీక్షకు కేటాయించమన్నాను. చేస్తోంది. పాసవుతుందని ఎవరికీ హామీ ఇవ్వను, ఈ కుటుంబానికీ ఇవ్వలేదు.

ఈ కేసు తర్వాత నా ఆఫీసులో ఫైలు తెరిచే తీరు మారింది. దేశం పేరు, ఫీజు అడగడానికి ముందు 54 గళ్ల కాగితం ఇస్తున్నాను. డాలరు లెక్క వేసేటప్పుడు ఇప్పటి ధర మీద ఏడాదికి అయిదు శాతం పెంచి చూపిస్తున్నాను. ఆ మొత్తం చూసి వెనక్కి వెళ్లిన కుటుంబాలు కొన్ని ఉన్నాయి, వాళ్లు వెళ్లడమే మంచిదైంది. ట్రాన్సిట్ వీసా పని అడ్మిషన్ ఉత్తరం వచ్చిన రోజే మొదలుపెడుతున్నాం. రొటేషన్ మొదలయ్యే ప్రతిసారీ ఆసుపత్రి పేరు, తేదీలు, సూపర్‌వైజర్ సంతకం ఉన్న లాగ్‌బుక్ పేజీని ఫోటో తీసి ఇంటికి పంపమని పిల్లలకు చెబుతున్నాను. అక్కడ అది పోయినా ఇక్కడ ఒక ప్రతి ఉంటుంది.

ఆ తండ్రి తన కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువా తలుపు లోపల అంటించుకున్నాడు. నెలాఖరున అమ్మాయి లాగ్‌బుక్ ఫోటో వచ్చాకే ఒక గడిలో అడ్డగీత గీస్తాడు, ముందు గీయడు. 2025 డిసెంబరు నాటికి 36 గీతలయ్యాయి.